నాన్నగారు రాత్రి నాలుగుసార్లు ఒంటికి లేస్తున్నారంటే

కాశీనగర్ నుంచి మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి 67 ఏళ్ళు. పొద్దున్న ఎనిమిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. ఐదేళ్ళుగా రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారు. ఏడాదిగా రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తున్నారు. షుగరు పరీక్ష రెండుసార్లు చేయిస్తే లేదన్నారు. మందుల షాపు ఆయన ‘ఈ వయసులో ప్రోస్టేటే’ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) అని ఇచ్చిన టామ్సులోసిన్ మాత్ర మూడు నెలలు మింగినా గుణం కనిపించలేదు. విసిగిపోయి ఆయన సాయంత్రం నుంచి నీళ్ళు తాగడమే మానేశారు. నోరు పిడచకట్టుకుపోతోంది గాని లేవడం మాత్రం తగ్గలేదు. పోయిన నెల పెరట్లో మరుగుదొడ్డికి వెళుతూ జారిపడ్డారు. కవిటి, సోంపేట వైపు మీ బంధువుల్లో ఇద్దరు డయాలసిస్ మీద ఉన్నారు కనుక, ఇది కూడా కిడ్నీ జబ్బుకు మొదలేమోనని మీ అమ్మగారి బెంగ.

నేను ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేసినవాణ్ణి. మీరు చాలా వివరంగా రాశారు. అయినా అందులో ఒక ముఖ్యమైన విషయం లేదు, మీకు ఇంతవరకు సలహా ఇచ్చినవారెవరూ దాన్ని అడిగినట్టు కూడా లేదు: లేచిన ప్రతిసారీ ఎంత మూత్రం వస్తోంది? ఎన్నిసార్లు లేచారన్న లెక్కతో బాధ ఎంతో తెలుస్తుంది, కారణం తెలియదు. ఒక్కోసారి అర చెంబు పోసేవారి జబ్బు వేరు, నాలుగు చుక్కలు పోసి మళ్ళీ అరగంటకు లేచేవారి జబ్బు వేరు. మొదటివారికి మూత్రాశయం చక్కగానే ఉంటుంది, రాత్రిపూట శరీరం ఎక్కువ మూత్రం తయారుచేస్తోంది. రెండోవారికి తయారయ్యేది మామూలే, దాన్ని పట్టి ఉంచడంలోనో పూర్తిగా బయటికి పంపడంలోనో లోపముంది. ఈ రెంటినీ విడదీయకుండా ఇచ్చే మాత్ర చీకట్లో విసిరిన రాయి వంటిది. మీ నాన్నగారి టామ్సులోసిన్ సంగతి అలాగే అయిందని నా అనుమానం.

కాబట్టి ముందు మూడు రోజులు కొలవండి. ఇందుకు ఖరీదైన సామాను అక్కరలేదు. పాత ప్లాస్టిక్ జగ్గు ఒకటి తీసుకోండి. ఇంట్లో ఖాళీ అయిన 100 మి.లీ. దగ్గు మందు సీసా ఉంటే దానితో నీళ్ళు పోస్తూ, ఒక్కో సీసాకు ఒక్కో గీత చొప్పున ఐదారు గీతలు గోళ్ళ రంగుతో పెట్టండి. నోటు పుస్తకంలో ఒక పేజీకి ఒక రోజు. తాగిన ప్రతిదీ, అంటే నీళ్ళు, టీ, మజ్జిగ, అంబలి, ఎంతో ఎప్పుడో ఒక వైపు. పోసిన ప్రతిసారీ ఎంతో ఎప్పుడో రెండో వైపు. దుకాణంలో కుదరదని ఆయన అంటే, అక్కడ ఇంకొక జగ్గు పెట్టండి. మూడు రోజులకు సిగ్గుపడనక్కరలేదు. ఎన్ని గంటలకు పడుకున్నారు, ఎన్ని గంటలకు లేచారు అన్నది తప్పక రాయాలి. లెక్క వేసేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఒకటుంది: పడుకోబోయే ముందు పోసింది పగటి ఖాతాలోకి వెళుతుంది, పొద్దున్న నిద్ర లేవగానే పోసేది రాత్రి ఖాతాలోకి వస్తుంది, ఎందుకంటే అది రాత్రి తయారైన మూత్రమే.

ఇలాంటి పేజీ ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. పర్లాకిమిడి దగ్గర ఒక రైసు మిల్లులో గుమస్తాగా చేసిన పెద్దాయన రాసినది. లెక్కల మనిషి కనుక గడులు గీసి మరీ రాశారు. పగలు ఐదుసార్లు: 150, 200, 150, 100, పడుకోబోయే ముందు 100, మొత్తం 700 మి.లీ. రాత్రి పన్నెండున్నరకు 350, రెండుంబావుకు 400, నాలుగింటికి 300, ఆరింటికి లేవగానే 350, మొత్తం 1400. రోజంతటికీ 2100 మి.లీ., ఇది పెద్ద ఎక్కువేమీ కాదు. ఆరోగ్యవంతులకు సుమారు 800 నుంచి 2000 వరకు ఉంటుంది. కానీ అందులో మూడింట రెండు వంతులు రాత్రే వచ్చింది. 65 దాటినవారిలో రోజు మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువ, అంటే 33 శాతం పైన, రాత్రి ఖాతాలో పడితే దాన్ని రాత్రి అతిమూత్రంగా లెక్కిస్తారు. పడుచువారికి ఆ హద్దు 20 శాతమే. ఒక్కసారికి 400 పట్టిన ఆ మూత్రాశయం బ్రహ్మాండంగా ఉందని, ప్రోస్టేటును ఆడిపోసుకోవడం అన్యాయమని ఆ పేజీ చూసిన వెంటనే తెలిసిపోయింది.

చెప్పుకోవడానికి నాకు నామోషీగానే ఉంటుంది గాని, ఆ పెద్దాయనకు అంతకుముందు ఎనిమిది నెలలు ప్రోస్టేటు మాత్రలు రాసింది నేనే. మగవాడు, డెబ్బై దగ్గరి వయసు, రాత్రి లేస్తున్నాడు: ఇంకేం ఆలోచించాలనుకున్నాను. ఒకరోజు ఆయన వెంట వచ్చిన భార్య, మందుల చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగి, “సాయంత్రమయ్యేసరికి ఈయనకి చెప్పులు పట్టవు బాబూ, అది కూడా ఓపాలి చూడండి” అన్నది. పంచె పైకి జరిపి మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో కొద్దిసేపు నొక్కి తీస్తే, పిండిలో నొక్కినట్టు గుంట పడి అలాగే నిలిచిపోయింది. అది మూత్రాశయానికి రెండడుగుల కింద ఉన్న జవాబు. అప్పటినుంచి రాత్రి లేస్తున్నామని వచ్చిన ఎవరికైనా ముందు కాళ్ళు చూడటం అలవాటు చేసుకున్నాను.

కాళ్ళకూ రాత్రి మూత్రానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. పగలంతా కాళ్ళు కిందికి వేలాడదీసి కూర్చున్నప్పుడు రక్తనాళాల్లోంచి ఊరిన నీరు, ఉప్పు, పిక్కల్లోనూ పాదాల్లోనూ నిలుస్తాయి. పగలు నిలిచింది కనుక పగటి మూత్రం తక్కువ. రాత్రి మంచం మీద కాళ్ళు చాపి పడుకోగానే, మడిలో నిలిచిన నీటికి గట్టు తెంపినట్టు, ఆ నీరంతా మెల్లగా రక్తంలోకి తిరిగివస్తుంది. గుండె పై గదులు ఆ అదనపు రక్తానికి సాగి ఒక హార్మోనును విడుదల చేస్తాయి. అది కిడ్నీలకు ‘ఉప్పునీ నీటినీ బయటికి తోసెయ్యండి’ అని చెబుతుంది. పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి నిండు చెంబులు రావడం ఇందువల్లనే. సాయంత్రం నుంచి నీళ్ళు మానేసినా ఫలితం ఎందుకు లేదో కూడా ఇక్కడే తెలుస్తుంది: రాత్రి పోయేది అప్పుడు తాగిన నీరు కాదు, పగలంతా కాళ్ళలో దాచిన నీరు.

దీనికి తోడు వయసు చేసేది ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు రాత్రిళ్ళు మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను ఎక్కువగా వచ్చి కిడ్నీలు తక్కువ నీటితో చిక్కటి మూత్రం తయారుచేసేలా చూస్తుంది. ముసలితనంలో ఆ రాత్రి-పగలు తేడా చెరిగిపోతుంది. కాబట్టి 67 ఏళ్ళ మనిషి రాత్రి ఒకసారి లేవడం జబ్బు కింద లెక్క కాదు. రెండుకు మించి, నిద్ర చెడి, మర్నాడు గల్లాపెట్టె దగ్గర కునుకుతున్నారంటే అది వెతకవలసిన సంగతి.

మీ నాన్నగారి విషయంలో కాళ్ళు ఉబ్బడానికి రెండు కారణాలు కళ్ళముందే ఉన్నాయి. ఒకటి పదమూడు గంటలు కూర్చోవడం. రెండోది ఆమ్లోడిపిన్; రక్తపోటుకు మంచి మందే, కానీ చీలమండల దగ్గర వాపు తేవడం దాని ప్రసిద్ధమైన గుణం, మోతాదు 10 మి.గ్రా. అయితే మరీను. అలాగని మీరు ఇది చదివి రేపు పొద్దున్నే ఆ మాత్ర ఆపేయకండి. రక్తపోటు ఉన్నట్టుండి పెరిగితే వచ్చే పక్షవాతం ముందు ఈ నిద్రభంగం లెక్కలోకి రాదు. మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి కాళ్ళ వాపు సంగతి, రాత్రి లెక్కల పేజీ రెండూ తీసుకువెళితే ఆయన మోతాదు తగ్గించడమో, వేరే జాతి మందుకు మార్చడమో చేస్తారు. అయితే రెండు కాళ్ళూ ఉబ్బడంతో పాటు మెట్లు ఎక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు కావలసిరావడం ఉంటే అది గుండె బలహీనత కావచ్చు. ఈసీజీ, ఎకో చేయించకుండా వదలకూడదు. ఒక్క కాలే ఉబ్బితే, అది కూడా కొత్తగా నొప్పితో ఉబ్బితే, సిరలో రక్తం గడ్డకట్టిందేమో ఆ రోజే చూపించాలి.

వాపు కూర్చోవడం, ఆమ్లోడిపిన్ ఈ రెండింటి వల్లనే అని తేలితే చేయవలసింది ఇంట్లోనే చాలా ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక దుకాణం వెనక బస్తాల గదిలోనో ఇంట్లోనో గంట, గంటన్నర నడుం వాల్చి, రెండు దిండ్ల మీద కాళ్ళు గుండె కంటే ఎత్తుగా పెట్టుకోమనండి. గట్టు పగలే తెంపడమన్నమాట: ఆ నీరు సాయంత్రం ఆరులోపు మూత్రంగా పోతుంది. ‘నేను పడుకుంటే గల్లా ఎవరు చూస్తారు’ అని ఆయన తప్పక అంటారు, ఆ గుమస్తాగారూ అన్నారు. ఆ గంట మీరు చూడండి. కూర్చున్నప్పుడు చిన్న పీట మీద కాళ్ళు పెట్టుకోవడం, గంటకొకసారి లేచి పది అడుగులు వేయడం, సాయంత్రం అరగంట నడక, ఇవన్నీ పిక్క కండరాలతో నీటిని పైకి తోయించేవే. మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్ళు పొద్దున్న మంచం దిగకముందే తొడుక్కుని రాత్రి తీసేయడం కూడా పనిచేస్తుంది. కాకపోతే చుట్ట, బీడీ అలవాటున్నవారికీ షుగరున్నవారికీ కాలి ధమనుల్లో రక్తప్రసారం సరిగా ఉందో లేదో డాక్టరు నాడి చూశాకే అవి తొడగాలి. మన ఎండల్లో వాటిని భరించడం కష్టమన్న సంగతి నాకు తెలుసు. ఇవి చాలకపోతే నీరు లాగే మాత్ర ఫ్యూరోసెమైడ్ మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య ఇస్తారు. దాని ప్రభావం సుమారు ఆరు గంటలు ఉంటుంది కనుక పడుకునే వేళకు పని ముగించుకుంటుంది. అదే మాత్రను రాత్రి ఏడింటికి వేసుకుని తెల్లవార్లూ తిరిగినవారిని నేను చూశాను. ఈ మాత్ర సొంతంగా మొదలుపెట్టేది కాదు, రక్తంలో సోడియం, పొటాషియం చూస్తూ వాడేది.

ఉప్పు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన సరిహద్దు ఊళ్ళ వంటింట్లో దొంగ అక్కడే ఉన్నాడు. చద్దన్నంలో ఉప్పుకల్లు, నంజుకోవడానికి ఆవకాయ బద్ద, పక్కన కాల్చిన ఎండుచేప. ఒడియా ఇరుగుపొరుగుల వల్ల వేసవి అంతా పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం), దానితో వేయించిన వడియాలు. సాయంత్రం దుకాణంలో మిక్స్చరు పొట్లం. శరీరంలో చేరిన ఉప్పు తనతో నీటిని పట్టి ఉంచుకుని, రాత్రి తీరుబడిగా కిడ్నీల ద్వారా బయలుదేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా కంటే తక్కువ ఉప్పు చాలంటుంది. జపాన్‌లోని నాగసాకి విశ్వవిద్యాలయం వారు 2017లో వెల్లడించిన అధ్యయనంలో రోజుకు సగటున 10.7 గ్రాముల ఉప్పు తినేవారు దాన్ని 8 గ్రాములకు తగ్గించగానే రాత్రి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కు దిగింది, ఉప్పు పెంచినవారిలో అది పెరిగింది కూడా. ఆ తగ్గిన 2.7 గ్రాములంటే సుమారు ఒక పూట ఆవకాయ, ఒక అప్పడం మానినంత. ఏ మాత్రతోనైనా ఇంత ఫలితం దొరకడం అరుదు.

నీళ్ళ విషయంలో మీ నాన్నగారు చేస్తున్నది తప్పు. రోజు మొత్తం మీద తాగేది తగ్గించకూడదు, తాగే వేళ మార్చాలి. పొద్దున్న నుంచి సాయంత్రం ఐదు, ఆరు వరకు ధారాళంగా తాగమనండి. ఆ తరువాత తగ్గించుకుంటూ, పడుకునే ముందు రెండు మూడు గంటలు గొంతు తడుపుకోవడానికి మించి వద్దు. టీ నాలుగు గంటల తరువాత వద్దు. తొమ్మిదింటికి దుకాణం కట్టి పదింటికి చారన్నం, మజ్జిగన్నం తిని పదిన్నరకు పడుకునే ఇంట్లో ‘నేను నీళ్ళే తాగలేదు’ అనడం మాటవరసకే, ఎందుకంటే ఉడికిన అన్నంలోనే మూడింట రెండు వంతులు నీరు. చోడంబలి (రాగి అంబలి) రాత్రి తాగే అలవాటుంటే పొద్దుటికి మార్చండి. భోజనం ఎనిమిదింటికి దుకాణానికే పంపిస్తే ఇంకా మేలు. సారా, బీరు వాసోప్రెసిన్‌ను అణచివేస్తాయి కనుక వాటిని తాగిన రాత్రి లెక్క ఏదైనా లెక్కే కాదు.

ఇప్పుడు మీ అమ్మగారి భయం సంగతి. అది ఊరికే వచ్చిన భయం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇదీ అని ఇంతవరకు ఖచ్చితంగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వేల కుటుంబాలను కుదిపేసింది. దాని కోసమే పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఈ జబ్బు కిడ్నీలోని వడపోత భాగం కంటే, నీటిని వెనక్కి పీల్చి మూత్రాన్ని చిక్కబరిచే సన్నని గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ ముందు దెబ్బతీస్తుంది. అందుచేత కాళ్ళ వాపు, ముఖం ఉబ్బడం వంటివేమీ లేకుండానే రాత్రి మూత్రానికి లేవడం తొలి గుర్తుల్లో ఒకటి కావచ్చు. ఇంకొక చిక్కు ఉంది. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను ముందే కనిపిస్తుంది. ఇందులో చాలాకాలం కొద్దిగానే ఉంటుంది, లేదా అసలు ఉండదు. ‘మూత్ర పరీక్ష బాగుంది, కిడ్నీలు బాగున్నాయి’ అని ఊరుకుంటే మోసపోతాము. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థం) పరీక్ష చేయించి, దాన్నిబట్టి వయసుకు తగ్గట్టు లెక్కించే వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, చూడాలి. అది 60 కంటే తక్కువగా మూడు నెలల పాటు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్కసారి తక్కువ వచ్చినంత మాత్రాన బెంబేలు పడవద్దు, మళ్ళీ చేయించాలి.

ఇంట్లో చూడదగిన గుర్తు ఒకటి చెబుతాను. సాయంత్రం నుంచి నీళ్ళు ముట్టని మనిషి పొద్దున్నే పోసే మూత్రం చిక్కటి పసుపు రంగులో ఉండాలి. నీళ్ళలా తెల్లగా ఉంటే కిడ్నీలు చిక్కబరచలేకపోతున్నాయేమో ఆలోచించాలి. మూత్ర పరీక్ష కాగితంలో స్పెసిఫిక్ గ్రావిటీ అనే వరుస ఉంటుంది, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె అది; రాత్రంతా నీళ్ళు తాగకుండా ఇచ్చిన పొద్దుటి మూత్రంలో అది 1.020కి అటూ ఇటూ లేదా ఆ పైన ఉంటే నెమ్మది. ఎప్పుడు చూసినా 1.010 దగ్గరే ఆగిపోతే క్రియాటినిన్ తప్పనిసరి. కాళ్ళ నీరు దిగుతున్నప్పుడు కూడా మూత్రం కొంత పలచబడుతుంది కనుక ఈ ఒక్కదానితో తేల్చరు.

ఈ సందర్భంలోనే మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇంకొక కారణం చెప్పాలి. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే ఎర్రకణాల జబ్బు) ఉన్న కుటుంబాలు ఎక్కువ. ఆ జబ్బు ఉన్నవారిలోనే కాదు, జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రం మోసేవారిలో కూడా కిడ్నీ లోపలి భాగంలో ఎర్రకణాలు వంకర తిరిగి, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి చిన్నతనం నుంచే తగ్గుతుంది. పదేళ్ళు దాటినా పక్క తడిపే పిల్లలనూ, ఏ రోగమూ లేకుండా రాత్రి రెండు మూడుసార్లు లేచే ముప్ఫై ఏళ్ళవారినీ చూసినప్పుడు నేను ముందు ఇది అడిగేవాణ్ణి. కేంద్రం 2023 జూలై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. మీ నాన్నగారికి ఏడాదిగానే ఈ బాధ కనుక ఆయనకిది వర్తించకపోవచ్చు, కానీ చదువుతున్న వేరేవారికి పనికిరావచ్చు. ఇలాంటివారు నీళ్ళు తగ్గించడం ప్రమాదం.

కొలిచినప్పుడు ప్రతిసారీ 50, 80, 100 మి.లీ. మాత్రమే వస్తే అప్పుడు మూత్రాశయం, ప్రోస్టేటు వైపు తిరగాలి. ధార సన్నబడటం, మొదలవడానికి నిలబడి వేచి ఉండవలసిరావడం, అయిపోయిందనుకున్నాక చుక్కలు పడటం, ఇంకా మిగిలిందన్న భావన ఉంటే ప్రోస్టేటు. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర పుడితే మూత్రాశయం అతి చురుకు. మంట, దుర్వాసన, చలిజ్వరం ఉంటే ఇన్ఫెక్షన్. పొట్ట స్కానింగుకు వెళ్ళినప్పుడు ప్రోస్టేటు బరువు ఎంతో చెప్పించుకుని అందరూ సంతోషపడతారు గాని, దాని పరిమాణానికీ బాధకూ పొత్తు కుదరాలని లేదు; మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో కొలిపించుకోవడం అంతకంటే ముఖ్యం. అది 100 లోపు ఉంటే సాధారణంగా నిశ్చింత, 300 దాటితే యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళవలసిందే. ఎన్నడూ లేనిది ముసలివయసులో నిద్రలో పక్క తడుస్తోందంటే, లోపల నిండిపోయి పొర్లుతోందేమో వెంటనే చూడాలి; అది కిడ్నీలను వెనక నుంచి దెబ్బతీస్తుంది. టామ్సులోసిన్ వల్ల లేచి నిలబడగానే కళ్ళు తిరగడం ఉంది. మీ నాన్నగారు పెరట్లో పడటంలో దాని పాత్ర ఉందో లేదో డాక్టరును అడగండి. ప్రోస్టేటు ఆపరేషన్ చేయించుకున్నా, మిగతా బాధలు తగ్గినంతగా రాత్రి లేవడం తగ్గదన్నది యూరాలజిస్టులందరికీ అనుభవమే.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారేమో మీ అమ్మగారిని అడగండి. నిద్రలో శ్వాస ఆగే జబ్బులో కూడా గుండె గదులు సాగి, ఇందాక చెప్పిన హార్మోనే విడుదలై, రాత్రి మూత్రం ఎక్కువవుతుంది. అలాంటివారు ‘మూత్రం వచ్చి మెలకువ వచ్చింది’ అంటారు గాని జరిగేది తలకిందులు. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు వాటిని పొద్దున్నే వేసుకోవాలి. మలబద్ధకం మూత్రాశయాన్ని ఒత్తుతుంది, అది కూడా చూసుకోవాలి.

డెస్మోప్రెసిన్ అనే మాత్ర రాత్రి మూత్రాన్ని నిజంగానే తగ్గిస్తుంది, ఎవరైనా మీకు చెప్పి ఉండవచ్చు. 65 దాటినవారిలో అది రక్తంలో సోడియంను ప్రమాదకరంగా దించగలదు. తికమక, వాంతులు, మూర్ఛ దాకా పోవచ్చు. కాళ్ళ వాపు, గుండె బలహీనత ఉన్నవారికి అసలు వద్దు. సోడియం పరీక్ష ముందు ఒకసారి, వారంలో ఒకసారి, నెలకొకసారి చేయించగలిగే డాక్టరు పర్యవేక్షణలో తప్ప దాని జోలికి పోకండి.

అమ్మగారి గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. మన ఊళ్ళ ఆడవారు పగలంతా పొలంలోనో సంతలోనో మరుగు దొరకదని నీళ్ళు తాగకుండా ఉగ్గబట్టి, ఇంటికి వచ్చి రాత్రి చెంబులు చెంబులు తాగుతారు. వారి రాత్రి లెక్కలో సగం కారణం ఇదే. నెలసరి ఆగిన తరువాత తొందర, మంట, గర్భసంచి జారడం వల్ల బరువుగా ఉండటం ఉంటే లేడీ డాక్టరుకు చూపించాలి. చాలామంది నోరు విప్పరు.

కారణం తేలి, తగ్గేలోపు ఆయన మళ్ళీ పడకూడదు, ఇది అన్నింటికంటే తొందర. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచాన పడినట్టే. పెరట్లో దొడ్డికి వెళ్ళే దారిలో చీకటి, తడి బండ, వానాకాలం కట్లపాము, మూడూ ఉంటాయి. కట్లపాము రాత్రి తిరిగేదని, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చని మీకు నేను చెప్పనక్కరలేదు. రాత్రి పది దాటాక ఆయనను పెరట్లోకి వెళ్ళనివ్వకండి. మంచం పక్కన వెడల్పు మూతి ఉన్న యూరిన్ సీసా పెట్టండి, మందుల షాపుల్లో దొరుకుతుంది. అందులో గీతలు కూడా ఉంటాయి కనుక కొలతకూ అదే పనికొస్తుంది. మొదట నామోషీ పడతారు. వెళ్ళక తప్పదంటే చేతిలో టార్చి, కాళ్ళకు చెప్పులు, లేచాక ఒక నిమిషం మంచం అంచున కూర్చుని అప్పుడు నిలబడటం. గదిలో చిన్న దీపం రాత్రంతా వెలగనివ్వండి.

మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా బిగిసిపోవడం, నడుం నొప్పితో కాళ్ళు మొద్దుబారడం, జ్వరంతో వణుకు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఈ మూడు రోజుల లెక్కల కోసం ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

అవేవీ లేకపోతే వరుస ఇలా పెట్టుకోండి. ఈ వారం మూడు రోజుల లెక్క, ఏడు రోజుల పాటు సాయంత్రం చీలమండ దగ్గర వేలు నొక్కి చూడటం. తరువాత క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం, పరగడుపు షుగరుతో పాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, పొద్దుటి మూత్ర పరీక్ష, మూత్రం పోశాక మిగిలింది చూసే స్కానింగు. ఇవన్నీ పర్లాకిమిడిలో దొరకకపోతే బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, లేదా గుణుపూర్ రైలెక్కి విశాఖ వెళ్ళవచ్చు. ఒడిశా ఆసుపత్రిలో అయితే మూత్రాన్ని ‘పరిస్రా’ అంటారు. ఆయన తెలుగులో ‘ఒంటికి’ అంటే అక్కడి కుర్ర డాక్టరుకు ఒంటి నొప్పులని అర్థమై నొప్పుల మాత్రలు రాసిన సంఘటనలు నాకు తెలుసు. ఆ నొప్పుల మాత్రలు కిడ్నీలకు చేటు కూడా. అందుకే నోటితో చెప్పడం కంటే లెక్కల పేజీ బల్ల మీద పెట్టడం మేలు, అంకెలు ఏ భాషవారికైనా తెలుస్తాయి.

మిల్లు గుమస్తాగారికి మందు మార్చి, ఉప్పు తగ్గించి, మధ్యాహ్నం కాళ్ళెత్తి పడుకోబెట్టాక ఆరు వారాలకు నాలుగుసార్లు కాస్తా ఒకటికో రెండింటికో దిగింది. పూర్తిగా పోలేదు, పోతుందని నేను చెప్పనూ లేదు. మీరు కూడా మార్పులు మొదలుపెట్టిన నెలన్నరకు మళ్ళీ మూడు రోజులు కొలిచి, పాత పేజీలూ కొత్త పేజీలూ కలిపి పిన్ను కొట్టి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.